కిరానోని ఎవరూ అడగలేదు

బ్రిటిష్ నిర్మాత గెర్రీ ఆండర్సన్ తీగల బొమ్మలతో తీసిన పాత టీవీ సీరియళ్ళంటే నాకు ప్రాణమని తెలిసిన స్నేహితుడొకడు ఈమధ్య ఒక లిస్టు పంపాడు. ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్ళని ఒక రహస్య సంస్థ వింత యంత్రాలతో కాపాడే ‘థండర్‌బర్డ్స్’ సీరియల్‌లో లాజిక్‌కి అందని సంగతులన్నీ అందులో వరసగా ఉన్నాయి. రహస్య సంస్థ అంటారు, ఒక్కడి ముఖానికీ ముసుగుండదు. ఫోటోలు తీయొద్దంటారు, కానీ గులాబీ రంగు రోల్స్ రాయిస్‌లో తిరిగే ఏజెంటుని పెట్టుకుంటారు. చివర్లో వాడి మాట: “ఇన్ని కన్నాలున్న కథని ఎలా చూస్తావురా నువ్వు?”

లిస్టులో ఉన్నవన్నీ నిజాలే, ఒక్కటీ కాదనలేను. కానీ నాకు అసలు బాధ కలిగించే కన్నం అందులో లేదు. ఆ సంస్థ నడిపే ట్రేసీ కుటుంబం ఉండే దీవిలో టీ అందించే పెద్దాయన కిరానో పేరు ఆ లిస్టులో ఎక్కడా రాలేదు.

కథలో లాజిక్ తప్పడం దానంతటదే తప్పు కాదని నా అభిప్రాయం. ముఖ్యంగా తీగల మీద ఆడే బొమ్మలతో, తక్కువ డబ్బుతో, వారం వారం తీసిన సీరియల్‌లో. ఒక పాత్రని మన ముందు పడేసి, దాని నొప్పి చూపించి, ఆ తర్వాత ఆ నొప్పిని అక్కడే వదిలేసి వెళ్ళిపోవడం మాత్రం తప్పు. ఈ రెండింటినీ ఒకే లిస్టులో కలిపేయడం వల్లే పాత సీరియళ్ళ మీద మనం చేసే విమర్శ చాలావరకు పనికిరాకుండా పోతోంది.

ముసుగు లేని రహస్యం

ముందు స్నేహితుడి లిస్టుకే న్యాయం చేద్దాం. జెఫ్ ట్రేసీ చంద్రుడి మీద అడుగుపెట్టిన పాతతరం వ్యోమగామి, కోటీశ్వరుడు, లోకానికంతా తెలిసిన మనిషి. ఆయన ఐదుగురు కొడుకులు ప్రపంచంలో ఎక్కడ ప్రమాదం జరిగినా వెళ్ళి జనాన్ని కాపాడతారు. వాళ్ళెవరో ఎవరికీ తెలియకూడదు. అయినా ప్రమాద స్థలంలో పోలీసులతో, ఇంజనీర్లతో ముఖాముఖి మాట్లాడతారు. దీవికి చుట్టాలొస్తే గోడమీద యూనిఫాంలో ఉన్న కొడుకుల పటాలు తిరిగి మామూలు బట్టల్లో ఉన్న పటాలొస్తాయి. ఇంట్లో అంత జాగ్రత్త, బయట ఏమీ లేదు.

‘సెక్యూరిటీ హజార్డ్’ అనే ఎపిసోడ్‌లో ఇది మరీ ముదురుతుంది. ఒక చిన్న పిల్లాడు వాళ్ళ విమానం థండర్‌బర్డ్ 2లో దాక్కుని దీవికి వచ్చేస్తాడు. రహస్యం ఎలా కాపాడాలని తండ్రి తల పట్టుకుంటే, అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు తమ సాహసాలన్నీ వాడికి చెప్పేస్తారు! పాత ఎపిసోడ్ల ముక్కలు మళ్ళీ వాడుకోవడానికి అల్లిన కథ అది. పిల్లాణ్ణి నిద్రలో ఉండగానే ఇంటికి చేరుస్తారు, వాడు అదంతా కల అనుకుంటాడు.

నాకు ఇందులో ఏదీ అడ్డు రాదు. బొమ్మకి ఉన్నదల్లా ముఖమే. కింది పెదవి కదలడం, కళ్ళు పక్కకి తిరగడం తప్ప దాని చేతిలో వేరే నటన లేదు. ఆ ముఖానికి ముసుగేస్తే తెర మీద మిగిలేది బట్టలు తొడిగిన కట్టె. రహస్యం అనేది ఇక్కడ కథకి కావలసిన టెన్షన్ కోసం పెట్టుకున్న నియమం, అంతే. పిల్లలు దాన్ని ఆటలో నియమంలాగే తీసుకుంటారు.

ఇక కథ ఏ సంవత్సరంలో జరుగుతోందనే గొడవ ఉంది. చివరి ఎపిసోడ్ ‘గివ్ ఆర్ టేక్ ఎ మిలియన్’లో కనిపించే క్యాలెండర్ 2026 అంటుంది. 1965లో వచ్చిన ‘టీవీ సెంచరీ 21’ అనే కామిక్ పత్రిక సరిగ్గా వందేళ్ళు ముందుకి జరిపి 2065 అంది. అభిమానులు దీని మీద దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. రెండింట్లో ఏదైనా కథలో ఒక్కరి బతుకూ మారదు కాబట్టి నాకు పట్టదు.

నడవలేని బొమ్మలు

లండన్ పక్కనే ఉన్న స్లౌ ఊళ్ళో, ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఈ సీరియళ్ళు తీశారు. బొమ్మ సుమారు 22 అంగుళాల ఎత్తు. మాటలు ముందే రికార్డు చేసేవాళ్ళు. ఆ రికార్డింగ్ సిగ్నల్ సన్నటి తీగల గుండా బొమ్మ తలలో ఉన్న సాలినాయిడ్ అనే చిన్న విద్యుదయస్కాంతానికి వెళ్ళి, మాటకి తగ్గట్టు పెదవిని కదిలించేది. ఆ పరికరం పట్టాలి కాబట్టి తల ఒంటికంటే పెద్దదిగా చేశారు. ఆడించేవాళ్ళు సెట్ పైన కట్టిన వంతెన మీద నిలబడి కిందికి తీగలు వదిలేవాళ్ళు. ఇంత చేసినా బొమ్మ సరిగ్గా నడవలేదు. నాలుగడుగులు వేయిస్తే గాల్లో తేలుతున్నట్టు ఊగుతుంది.

ఆ ఒక్క లోపం చుట్టూ కథలన్నీ ఎలా వంగాయో చూడండి. 1961 నాటి ‘సూపర్‌కార్’ నుంచీ హీరో వాహనంలో కూర్చునే ఉంటాడు. ‘స్టింగ్‌రే’లో కమాండర్ షోర్ గాల్లో తేలే కుర్చీలో తిరుగుతాడు. ‘థండర్‌బర్డ్స్’లో ట్రేసీ కొడుకుల్లో ఒకడైన వర్జిల్ గోడకి ఆనుకుని నిలబడగానే గోడ తిరిగి, తలకిందులుగా జారుడుబల్ల మీంచి నేరుగా సీట్లోకి చేరుస్తుంది. అక్కడ జనం చచ్చిపోతుంటే ఇంత తతంగం ఎందుకు, మెట్లు దిగి పరిగెత్తొచ్చు కదా అని అడగడం తేలిక. బొమ్మ మెట్లు దిగలేదు. మెట్లు దిగలేని బొమ్మ కోసం ఆలోచించి ఆలోచించి కనిపెట్టిన ఆ జారుడుబల్లే ఈరోజుకీ అందరికీ గుర్తున్న సీను.

నిడివి సంగతీ అంతే. మొదట అరగంట స్లాట్‌కే తీశారు. పైలట్ ఎపిసోడ్ చూసి, డబ్బు పెట్టిన లూ గ్రేడ్ పొంగిపోయి దీన్ని గంట స్లాట్‌కి పెంచమన్నాడు. అప్పటికే తయారైన ఎపిసోడ్లకి కొత్త సీన్లు తీసి అతికించాల్సొచ్చింది. కొన్ని కథల మధ్యలో ప్రధాన ప్రమాదానికి సంబంధం లేని చిన్న ప్రమాదం ఒకటి వచ్చి పోవడం, దీవిలో కబుర్లు సాగడం చూసి “ఇదెందుకు ఇక్కడ?” అనిపిస్తే జవాబు అదే. కథ ఆగి ఊపిరి పీల్చుకునే ఆ సీన్లే నాకు చాలా ఇష్టం. ఆ మనుషులు ఇంట్లో ఎలా ఉంటారో తెలిసేది అప్పుడే.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ మొదటి ఎపిసోడ్ ‘ట్రాప్డ్ ఇన్ ద స్కై’లో ఉంది. ఫైర్‌ఫ్లాష్ అనే అణుశక్తి విమానం చక్రాల దగ్గర బాంబు పెట్టారు. చక్రాలు నేలకి తగిలితే పేలుతుంది. కాబట్టి విమానాన్ని మూడు ఎలివేటర్ కార్ల మీద దించాలి, ఒక బండిని వర్జిల్ నడుపుతాడు, మిగతావి రిమోట్‌తో నడుస్తాయి. షూటింగ్‌లో ఒక బండిని లాగే తీగ తెగి అది అదుపు తప్పి దొర్లిపోయింది. ఆ షాట్ అద్భుతంగా వచ్చిందని ఉంచేసి, కథలోనే ఆ బండి పాడైనట్టూ, దాని బదులు ఇంకోటి తెచ్చినట్టూ మార్చారు. స్పెషల్ ఎఫెక్ట్స్ చేసిన డెరెక్ మెడింగ్స్ తర్వాత బాండ్ సినిమాలకి పనిచేశాడు. రన్‌వేని ఆయన బెల్టు మీద తిప్పి, విమానాన్ని కదలకుండా ఉంచి, వెళ్తున్నట్టు భ్రమ కలిగించాడు. ఆ బండి దొర్లే క్షణంలో ఉన్న ఉత్కంఠ ఏ స్క్రిప్టులోనూ ముందు రాసింది కాదు.

అదే ఎపిసోడ్‌లో, గాల్లో కొన్ని గంటలు మించితే ప్రయాణికులకి రేడియేషన్ సోకే విమానానికి టిక్కెట్లెలా అమ్మారని లిస్టులో ఒక ప్రశ్న ఉంది. మంచి ప్రశ్నే. కానీ కథకి గడియారం కావాలి. ఆ గడియారం లేకపోతే బండ్లూ లేవు, తెగిన తీగా లేదు.

వచ్చినవాళ్ళే మళ్ళీ వస్తారు

ప్రధాన పాత్రల బొమ్మలు కాక మిగతావాటిని ఎపిసోడ్‌కి కొత్తగా చేయించే స్తోమత లేదు. అవే ముఖాలకి విగ్గు మార్చి, మీసం పెట్టి మళ్ళీ వాడేవాళ్ళు. పోయిన వారం విలన్ ఈ వారం శాస్త్రవేత్త. తర్వాత ‘కెప్టెన్ స్కార్లెట్’ కోసం చేసిన బొమ్మలు ‘జో 90’లో వేరే మనుషులుగా తేలాయి.

మన తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు. రామాయణం ఆడినా భారతం ఆడినా కేతిగాడూ బంగారక్కా జుట్టుపోలిగాడూ మధ్యలో దిగిపోతారు. లంకలో వీళ్ళకేం పని అని ఏ ఊళ్ళోనూ ఎవరూ అడగలేదు. నిన్న తన్నులు తిన్న కేతిగాడు ఇవాళ్టి కథలో ఆ దెబ్బలు గుర్తుపెట్టుకోడు. మళ్ళీ మళ్ళీ వచ్చే పాత్రకి జ్ఞాపకం ఉండి తీరాలన్న నియమం బొమ్మలాటకి ఎప్పుడూ లేదు.

అందుకే హుడ్ అనే విలన్ ఎన్నిసార్లు ఓడిపోయినా మళ్ళీ వస్తే నాకు ఇబ్బంది లేదు. మొదటి ఎపిసోడ్‌లోనే, గులాబీ రోల్స్ రాయిస్‌లో తిరిగే ఏజెంటు లేడీ పెనెలొపీ, ఆమె డ్రైవర్ పార్కర్ వాడి కారుని వెంటాడి, కాల్చి రోడ్డు మీంచి పడగొడతారు. వాడు బతికి, థండర్‌బర్డ్ యంత్రాల రహస్యాలు దొంగిలించడానికి కొత్త వేషంలో వస్తాడు. ఎలా బతికాడో చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా. వాడు కేతిగాడి జాతి, తన్నించుకోవడానికే పుట్టాడు.

కిరానో సంగతి

కానీ హుడ్‌కి ఒక సవతి సోదరుడున్నాడు. అతనే కిరానో. ట్రేసీల ఇంట్లో వంటా వార్పూ చూసుకునే మలేసియా మనిషి. కూతురు టిన్‌టిన్ కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది. హుడ్ మలేసియా అడవిలోని తన గుడిలో నిలబడి కళ్ళు మెరిపిస్తూ పిలిస్తే, ఎక్కడో పసిఫిక్ దీవిలో ఉన్న కిరానో తల పట్టుకుని విలవిల్లాడి కూలిపోతాడు. ఆ నొప్పిలో ఇంటి రహస్యాలు చెప్పేస్తాడు. తేరుకున్నాక ఏమీ గుర్తుండదు.

మా అమ్మాయితో కలిసి మొదటి ఎపిసోడ్ చూస్తున్నప్పుడు తను జారుడుబల్లల గురించి గానీ ముసుగుల గురించి గానీ ఒక్క ప్రశ్న వేయలేదు. కిరానో పడిపోయిన దగ్గర మాత్రం స్క్రీన్‌కి దగ్గరగా జరిగింది. ఇంకో ఎపిసోడ్‌లో మళ్ళీ పడిపోయాక, “ఆ తాతకి ఏమైందో ఎవరూ కనుక్కోరేంటి నాన్నా?” అంది. నేను చెప్పిన జవాబులేవీ దానికి సరిపోలేదు. ఆలోచిస్తే నాకూ సరిపోలేదు.

నిజానికి మొదటి ఎపిసోడ్‌లో కనుక్కుంటారు, అది చెప్పకపోతే అన్యాయం. ఆఖరి సీనులో ఒక పెద్ద డాక్టర్ దీవికి వచ్చి కిరానోని పరీక్షిస్తాడు. జబ్బేమీ లేదంటాడు. వెళ్తూ వెళ్తూ, ఫైర్‌ఫ్లాష్‌ని కాపాడిన ఆ సంస్థ పెద్దని కలిస్తే చెయ్యి కలపాలని ఉందంటాడు. జెఫ్ చిన్నగా నవ్వి వీడ్కోలుగా చెయ్యి అందిస్తాడు. తను ఎవరి చెయ్యి పట్టుకున్నాడో డాక్టర్‌కి తెలియదు. ఆ సీను ఎంత బాగా రాశారంటే, చూస్తున్న మనకీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆ పులకరింతలో డాక్టర్ ఎందుకొచ్చాడో మర్చిపోతాం. జబ్బు లేని మనిషి ఎందుకు పడిపోయాడు? ఆ ప్రశ్న చెయ్యి కలిపిన చోటే ఆగిపోయింది.

తర్వాత ‘మార్షియన్ ఇన్వేజన్’ వస్తుంది. ఈసారి హుడ్ కిరానో చేత థండర్‌బర్డ్ 1లోని కెమెరా డిటెక్టర్‌ని పాడుచేయిస్తాడు. ఎవరైనా ఫోటో తీస్తే పసిగట్టే పరికరం అది. ఇక్కడ విషయం ఆరోగ్యం దాటిపోయింది, ఇంట్లోనే ద్రోహం జరిగింది. యంత్రాల్లో నట్టు వదులైతే పట్టుకునే మేధావి బ్రెయిన్స్ ఆ ఇంట్లోనే ఉన్నాడు. అయినా కిరానో దాకా ఎవరి చూపూ రాదు.

దీనికి చెప్పదగ్గ సమర్థనలు ఉన్నాయి, తేలిగ్గా తీసేయను. అప్పట్లో ఎపిసోడ్లు ఏ వరసలోనైనా చూడగలిగేలా రాయాలి. బ్రిటన్‌లో ఐటీవీ అనే టీవీ నెట్‌వర్క్ ఒక్కో ప్రాంతంలో ఒక్కో రోజు వేసేది. అమెరికాకి అమ్మాలంటే కొన్న స్టేషన్ వాళ్ళిష్టం. పోయిన వారం జరిగింది ఈ వారం గుర్తుండాలని రాస్తే మిస్సయిన పిల్లలు అయోమయంలో పడతారు. కిరానో రహస్యం బయటపడితే హుడ్‌కి దీవిలోకి దారి మూసుకుపోతుంది, రాసేవాళ్ళకి ఒక ఆయుధం పోతుంది. ఇవన్నీ నిజమే.

కానీ వరస అక్కర్లేని కథలో కూడా హుడ్ పగ మాత్రం ఎపిసోడ్ నుంచి ఎపిసోడ్‌కి వస్తూనే ఉంది. పార్కర్ పూర్వాశ్రమంలో దొంగ అన్నది ప్రతిసారీ గుర్తుంది, అవసరమైనప్పుడల్లా తాళాలు తీస్తాడు. ట్రేసీ కొడుకు అలన్‌కి టిన్‌టిన్ మీద ఇష్టం గుర్తుంది. గుర్తుపెట్టుకోదలచినవి ఆ సీరియల్ బాగానే గుర్తుపెట్టుకుంది. మరిచిపోయింది పనిమనిషి బాధ ఒక్కటే. అది యాదృచ్ఛికంగా జరిగిందని నాకు అనిపించడం లేదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకసారి వాచ్‌మన్ పగలు నిద్రపోతున్నాడని అసోసియేషన్ మీటింగ్‌లో చర్చ నడిచింది. కెమెరా పెట్టాలన్నారు, జీతం కోయాలన్నారు, ఏజెన్సీని మార్చాలన్నారు. కిందికి వెళ్ళి అతన్నే అడుగుదామని రెండో అంతస్తు ముసలావిడ అనేదాకా ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. రాత్రి వేరే చోట డ్యూటీ చేసి వస్తున్నాడు, కూతురి కాలేజీ ఫీజు కోసం. అక్కడున్నవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. జెఫ్ ట్రేసీ కూడా చెడ్డవాడు కాదు. ప్రపంచంలో ఏ మూల ఎవరు కేకేసినా అంతరిక్షంలో కూర్చుని వినడానికి థండర్‌బర్డ్ 5ని పెట్టినవాడు. తన ఇంట్లోనే కూలిపోయిన మనిషి కేక ఆయనకి అందలేదు. సీరియల్ ఈ మాట కావాలని చెప్పి ఉంటే అది గొప్ప రచన అయ్యేది. చెప్పలేదు, గమనించనే లేదు. అందుకే దీన్ని కన్నం అంటున్నాను.

ఆసియా మనుషుల్ని ఒకడు మంత్రగాడు, ఒకడు నౌకరు అని రెండే మూసల్లో పోయడం ఆ కాలపు బ్రిటిష్ టీవీకి అలవాటు. ఆ అలవాటే ఇక్కడా పనిచేసింది. ఇలా చెప్తే ఇష్టమైన సీరియల్ మీద రాయి వేసినట్టు కొందరు అభిమానులు నొచ్చుకుంటారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణే, ఇష్టం కొద్దీ చెప్తున్నాను.

స్కార్లెట్ దగ్గర నాకున్న అనుమానం

నేను గీసిన ఈ గీత అన్నిచోట్లా నిలుస్తుందా అంటే, 1967లో వచ్చిన ‘కెప్టెన్ స్కార్లెట్ అండ్ ద మిస్టెరాన్స్’ దగ్గర తడబడుతుంది. అందులో మొదటి ఎపిసోడ్‌లోనే హీరో చనిపోతాడు. అంగారకుడి మీది మిస్టెరాన్లు అతని నకలుని తయారుచేస్తారు. ఆ నకలు ఎత్తైన టవర్ మీంచి పడి, వాళ్ళ అదుపులోంచి బయటపడి, చావులేని మనిషిగా, స్కార్లెట్ పనిచేసిన స్పెక్ట్రమ్ అనే భద్రతా సంస్థలో చేరిపోతుంది. అసలు స్కార్లెట్ చచ్చిపోయాడు కదా అని స్నేహితుడు కెప్టెన్ బ్లూ గానీ, పై అధికారి కల్నల్ వైట్ గానీ ఒక్క పూట కూడా ఏడవరు. మిగతా నకళ్ళెవరికీ లేని చావులేనితనం ఇతనికే ఎందుకొచ్చిందో తేల్చరు. మిస్టెరాన్లని పట్టించే డిటెక్టర్, చంపే తుపాకీ కనిపెడతారు, తర్వాత చాలా ఎపిసోడ్లలో వాటి ఊసే ఉండదు.

డిటెక్టర్ సంగతి నేను వదిలేస్తాను, అది జారుడుబల్లల లిస్టులోది. ఏడవకపోవడం కిరానో లిస్టులోకి రావాలి మరి. కానీ నాకు అంత కోపం రావడం లేదు, ఎందుకా అని చాలాసార్లు ఆలోచించాను. స్కార్లెట్ ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ కాలిపోతాడు, పేలిపోతాడు, మళ్ళీ లేస్తాడు. ఆ నొప్పి కథ మధ్యలోనే ఉంటుంది, తోటివాళ్ళు అతని మంచం పక్కన నిలబడతారు. ఇతను చావులేనివాడు, మీరు కాదు, ఇతన్ని అనుకరించకండి అని పిల్లలకి హెచ్చరిక కూడా వేసేవారు. అంటే ఆ దేహానికి ఏం జరుగుతోందో సీరియల్‌కి తెలుసు. అసలు మనిషి కోసం ఏడవకపోవడం లోపమే, కానీ నకలుని మనిషిగా చూసుకున్నారు. ఈ సమాధానంతో నేను పూర్తిగా తృప్తిపడ్డానని చెప్పలేను.

కిరానో విషయం తర్వాతివాళ్ళకీ తట్టినట్టే ఉంది. 2015లో వచ్చిన ‘థండర్‌బర్డ్స్ ఆర్ గో’లో టిన్‌టిన్‌కి బదులు కేయో అనే అమ్మాయి ఉంటుంది, ఇంటిపేరు కిరానోయే. హుడ్ తన దగ్గరి చుట్టమన్న నిజాన్ని ఆమె దాచుకోవడం, అది బయటపడితే ఏమవుతుందోనన్న భయం అక్కడ కథలో భాగమయ్యాయి. పాత కన్నాన్ని బాగానే పూడ్చారు. కాకపోతే ఆ బాధ ఇప్పుడు విమానం నడిపే ధైర్యస్తురాలిది. పళ్ళెం పట్టుకున్న ముసలాయనది కాదు.

జారుడుబల్లలకీ, కథలో అతుకులకీ, మళ్ళీ వాడిన ముఖాలకీ నేను ఒప్పుకున్న కారణం డబ్బూ, తీగలూ, టైమూ. కిరానో విషయంలో ఆ కారణం కూడా చెల్లదు. ‘మార్షియన్ ఇన్వేజన్’ చివర్లో కావలసింది ఒక గది, రెండు కుర్చీలు. ఆ గది సెట్ ఎప్పుడూ సిద్ధంగానే ఉంది. నడవక్కర్లేదు, పేలుడు అక్కర్లేదు, మోడల్ విమానం అక్కర్లేదు. జెఫ్ బొమ్మ కూర్చుని, “కిరానో, నీకు అసలేం జరుగుతోంది?” అని అడగాలి. కిరానో బొమ్మ కూర్చుని, గుర్తు లేదని చెప్పినా సరే, ఏదో ఒకటి చెప్పాలి. కూర్చుని మాట్లాడటం ఆ బొమ్మలు అన్నిటికంటే బాగా చేసే పని. స్లౌలో వాళ్ళు తీయగలిగిన సీన్లలో అంత చవకైనది ఇంకోటి లేదు.

చూడనివాళ్ళెవరైనా మొదలుపెట్టాలనుకుంటే ‘ట్రాప్డ్ ఇన్ ద స్కై’, ‘మార్షియన్ ఇన్వేజన్’ రెండూ వెంటవెంటనే చూడండి. యంత్రాలు ఎలాగూ మిమ్మల్ని లాక్కుపోతాయి. కిరానో తెర మీదికి వచ్చినప్పుడు మాత్రం, అదే గదిలో ఉన్న మిగతావాళ్ళు ఎటు చూస్తున్నారో గమనించండి.